ఎలుక కాదు, కంద పువ్వు

నల్గొండ జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో అద్దెకుంటున్నాం. నిరుడు సంతలో కొన్న కంద గడ్డల్లో రెండు మిగిలి మొలకెత్తితే పెరట్లో గోడ పక్కన పాతాను. ఆ సంగతి మళ్లీ తలచుకోలేదు.

మృగశిర కార్తె ప్రవేశించిన మూడో రోజు, తొలి వాన పడ్డాక, చీకటి పడే వేళకు వాసన లేచింది. ఎండలో నాలుగు రోజులు పడి ఉన్న కళేబరం లాంటి వాసన. తొమ్మిదింటికల్లా పై అంతస్తు నుంచి ఓనర్ గారు దిగివచ్చారు. మృగశిర నాడు మా వైపు చేపలు తినని ఇల్లు అరుదు. ఆ అరుదైన ఇల్లు ఆయనది.

"సార్, చేపలు ఎక్కడైనా మిగిలిపోయాయేమో చూసుకోండి" అన్నారు.

లేవంటే నమ్మలేదు. ఫ్రిజ్‌లోని గిన్నెలన్నీ వరండాలోకి తెప్పించారు. పక్కింటివాళ్లు గోడ మీద నుంచి చూస్తుండగా నా భార్య ఒక్కో మూత తీసి చూపించింది. ఆయన ఉసిరికాయ పచ్చడిని కూడా ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు! ఎలుక చచ్చిందేమోనని బియ్యం సంచులు జరిపించారు, మోరీలో బ్లీచింగ్ పొడి చల్లించారు. "రేపటికి పోకపోతే వేరే ఇల్లు చూసుకోండి" అని పైకి వెళ్లిపోయారు. నా భార్య ఆ రాత్రి అన్నం తినలేదు.

పదకొండింటికి టార్చ్ పట్టుకుని పెరట్లోకి వెళ్లాను. గోడ పక్కన, ఆకు అన్నదే లేకుండా, నేలలోంచి నేరుగా ఒక పెద్ద దొప్ప విచ్చుకుని ఉంది. లోపల పచ్చిమాంసం రంగు. నడుమ ముడతలు పడిన ముదురెరుపు ముద్ద. చెయ్యి ఆనిస్తే వెచ్చగా తగిలింది. దాని కింద దొప్ప అడుగున పెంకు పురుగులు కుప్పలుగా తిరుగుతున్నాయి. డిగ్రీలో బోటనీ చదివి మంచి మార్కులు తెచ్చుకున్న నేను ఇంట్లో ఎలుక కోసం వెతికాను!

మర్నాడు పదింటికి ఓనర్ గారిని, ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వెళ్లి చూపించాను. వాసన లేదు. పిసరంత కూడా లేదు.

"పువ్వు మీద పెడుతున్నారా సార్?" అన్నారు. ముగ్గురూ నవ్వారు.

ఆ పువ్వు తీరే అంత. ముద్ద కింద మగ పూలు, వాటి కింద ఆడ పూలు. మొదటి రోజు ఆడ పూలు సిద్ధమవుతాయి. అప్పుడే ముద్ద వేడెక్కి, గంధకం కలిసిన వాయువులతో కంపు కొడుతుంది. కుళ్లిన మాంసం ఉందనుకుని పురుగులు చేరతాయి. అవి వేరే కంద పువ్వు నుంచి వస్తే, ఒంటికంటిన పుప్పొడి ఇక్కడ రాలుతుంది. మరుసటి రోజు మగ పూలు పుప్పొడి విడుస్తాయి. అప్పటికి కంపు తగ్గిపోతుంది, పురుగులు పుప్పొడి పూసుకుని ఎగిరిపోతాయి. తన పుప్పొడి తనకే అంటకుండా ఈ ఏర్పాటు. తిండి దొరుకుతుందని వచ్చిన పురుగుకు మాత్రం ఏమీ దక్కదు.

దీని పెద్ద చుట్టం సుమత్రా అడవుల్లో మనిషి కన్నా ఎత్తుగా పూస్తుంది. 1926లో అది లండన్‌లోని 'క్యూ' (Kew) అనే వృక్షోద్యానంలో పూస్తే జనాన్ని అదుపు చేయడానికి పోలీసులు రావలసి వచ్చింది. అక్కడ జనం వరస కట్టారు, ఇక్కడ నన్ను ఇల్లు ఖాళీ చేయమన్నారు.

ఎవరికైనా కంద పూస్తే నా మాట వినండి: సాక్షులను పగలు పిలవకండి. మొగ్గ విచ్చిన సాయంత్రమే, చీకటి పడ్డాక పిలవండి. పెద్దమనుషులను నమ్ముకోకండి, ముక్కున్నవాళ్లను పిలవండి.

నాలుగు రోజులకు రెండో గడ్డ పూసింది. ఏడున్నరకు ఓనర్ గారి తలుపు తట్టాను. రెండడుగులు వేసి, కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని అక్కడే ఆగిపోయారు. "పీకేయండి" అన్నారు. అంతే, పచ్చడి ఊసు ఎత్తలేదు.

పీకలేదు. మొదటి పువ్వు పుప్పొడిని అగ్గిపెట్టెలో దాచి ఉంచాను. ఆ రాత్రే కోడి ఈకతో రెండో పువ్వు అడుగున ఉన్న ఆడ పూలకు రాశాను. గింజ పడుతుందో లేదో రోజూ వంగి చూస్తున్నాను. టార్చ్ పట్టుకునేది నా భార్యే.