రెండు లిస్టులు, ఒక నంబరు

నేను ముప్పై రెండేళ్లు బ్యాంకులో పనిచేశాను. అందులో సగానికి పైగా క్యాష్ కౌంటర్లోనే. సాయంత్రం క్యాష్ ట్యాలీ అయితేనే ఇంటికి. ఒకసారి ఐదువందలు తక్కువొచ్చింది. రాత్రి ఎనిమిదిన్నర దాకా కట్టలన్నీ మళ్లీ మళ్లీ లెక్కపెట్టి, చివరికి నా పర్సులోంచే వేసి సంతకం పెట్టాను. మర్నాడు పొద్దున ఆ నోటు డ్రాయర్ వెనకాల ఇరుక్కుని దొరికింది. అది నాకు తిరిగివ్వడానికి కూడా మా మేనేజర్ ఒక చీటీ రాయించుకున్నాడు.

అందుకే 2024లో ఎన్నికల బాండ్ల గొడవ టీవీలో నడుస్తున్నప్పుడు మా ఇంట్లో అందరూ ఏ పార్టీకి ఎంతొచ్చిందని చూస్తుంటే, నేను మాత్రం బ్యాంకు ఏం చెబుతోందో చెవులు రిక్కించి విన్నాను.

ఆ పథకం 2018లో వచ్చింది. స్టేట్ బ్యాంకు కొన్ని శాఖల్లో వెయ్యి రూపాయల నుంచి కోటి దాకా బాండ్లు అమ్మేది. కొన్నవాళ్లు పార్టీకిస్తే, పార్టీ పదిహేను రోజుల్లోగా తన ఖాతాలో వేసుకోవాలి. కొన్నవాళ్ల కేవైసీ బ్యాంకు దగ్గర ఉండేది, బాండు మీద పేరు ఉండేది కాదు. ఓటేసే మనకి ఏమీ తెలిసేది కాదు. 50 వేలు దాటి క్యాష్ కట్టడానికొచ్చిన మిర్చి రైతుని "పాన్ కార్డు లేదా బాబాయ్? అయితే ఫారం 60 నింపు" అని ఎండలో వచ్చిన మనిషిని వచ్చినట్టే నిలబెట్టినదాన్ని నేను. కోటి రూపాయల కాగితానికి ఇంత గుట్టేమిటో నాకు మింగుడుపడలేదు. దానికి తోడు, కంపెనీలు సగటు లాభంలో 7.5 శాతానికి మించి పార్టీలకు ఇవ్వకూడదన్న హద్దు కూడా 2017లోనే ఎత్తేశారు.

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం పథకాన్ని కొట్టేసింది. వివరాలు మార్చి 6లోగా ఎన్నికల సంఘానికి ఇమ్మంది. బ్యాంకేమో జూన్ 30 దాకా గడువడిగింది. అమ్మిన వివరాలు ఒకచోట, మార్చుకున్న వివరాలు ఇంకోచోట ఉన్నాయట. అన్నీ సీల్డ్ కవర్లలో ముంబై మెయిన్ బ్రాంచిలో ఉన్నాయట, కలపడం కష్టమట. కోర్టు వివరాలడిగిన కాలంలో, అంటే 2019 ఏప్రిల్ నుంచి, అమ్మిన బాండ్లు 22,217. నోట్ల రద్దు రోజుల్లో అర్ధరాత్రుళ్లు కూర్చుని లెక్కలు తేల్చిన మాకు ఇది వింటే నవ్వొస్తుందా, రాదా?

మార్చి 11న కోర్టు గడువు కుదరదంది. మర్నాటికల్లా వివరాలు చేరాయి. 14న ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో పెట్టింది. మా అన్నయ్య కొడుకు ఫోన్‌లో దించుకుని తెచ్చాడు. రెండు లిస్టులు, 763 పేజీలు. ఒకదాంట్లో ఎవరు, ఏ తారీఖున, ఎంత పెట్టి కొన్నారో ఉంది. రెండోదాంట్లో ఏ పార్టీ ఎంత మార్చుకుందో ఉంది.

"ఈ రెంటినీ ఎలా కలపాలి అత్తా?" అన్నాడు.

"నంబరేదిరా? ఓచర్ నంబరు లేకుండా ఎవరైనా ట్యాలీ చేస్తారా?" అన్నాను.

నంబరు లేక కాదు. 2018లోనే ఒక జర్నలిస్టు బాండ్లు కొని ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే, యూవీ లైటు కింద మాత్రమే కనబడే నంబరు బయటపడింది. దొంగనోట్లు పట్టుకోవడానికి నా కౌంటర్లో పెట్టుకున్న నీలం లైటు కింద కనబడేదన్నమాట! కోర్టు మళ్లీ గట్టిగా అడిగాక, మార్చి 21న ఆ నంబర్లూ వచ్చాయి. నేను పెన్సిలు, స్కేలు తీసుకుని కూర్చున్నాను. మావాడు నా వంక జాలిగా చూసి, కంప్యూటర్లో ఎక్సెల్ తెరిచి నేను కాఫీ తాగేలోపు కలిపేశాడు.

హైదరాబాద్ కంపెనీ అని ముందు మేఘా ఇంజనీరింగ్ పేరు వెతికాం. 966 కోట్లు. ఫ్యూచర్ గేమింగ్ అనే లాటరీ కంపెనీ తర్వాత ఎక్కువ కొన్నది వీళ్లే. ఆ డబ్బులో బీజేపీకీ, బీఆర్ఎస్‌కీ, డీఎంకేకీ, వైసీపీకీ, టీడీపీకీ కూడా వాటా ఉంది. "రెండు పుంజుల మీదా పందెం కాసినట్టుంది అత్తా" అన్నాడు మావాడు. అప్పటి చట్టం ప్రకారం అది తప్పు కాదు, ఆ మాట కూడా చెప్పాలి. బాండ్లు మేం అసలు తీసుకోం అన్న సీపీఎం ఈ కేసులో పిటిషన్ వేసింది కూడా. ఆ ఒక్క విషయంలో వాళ్లకి నా మార్కులు.

బాండ్లు పోయాయి కదా, ఇప్పుడేంటి? 20 వేలు దాటిన చందాల పేర్లు పార్టీలు ఎన్నికల సంఘానికి చెప్పాలి, అదీ ఏడాది గడిచాక, ఆదాయపు పన్ను రిటర్ను గడువు లోపు. మన ఆంధ్రాలో 2024 మే 13న ఓట్లేశాం. ఆ ముందు నెలలో ఎవరైనా చందా ఇచ్చి ఉంటే, అది 2024-25 లెక్కలోకి వస్తుంది. ఆ లెక్క మన దాకా వచ్చేసరికి వేలి మీద సిరా ఎప్పుడో పోయింది.

పెద్ద కంపెనీలు ఎలక్టోరల్ ట్రస్టుల దారీ పడుతున్నాయి, అంటే చందాలు పోగేసి పార్టీలకు పంచే సంస్థలు. అవి వచ్చిన చందాల్లో 95 శాతం ఆ ఏడాదే పార్టీలకు పంచాలని నియమం. మొన్న మావాడు ఒక ట్రస్టు రిపోర్టు తెచ్చాడు. ఎవరెవరు ఎంతిచ్చారో ఒక లిస్టు, ఏ పార్టీకి ఎంత వెళ్లిందో ఒక లిస్టు. ఎవరి డబ్బు ఎవరికి వెళ్లిందో తారీఖులు, మొత్తాలు పక్కపక్కన పెట్టుకుని ఊహించుకోవాల్సిందే.

"మళ్లీ రెండు లిస్టులే అత్తా" అన్నాడు.

నేను కాగితం తిప్పి వెనక కూడా చూశాను. ఈసారి నంబరు కూడా లేదు.