మెదక్ నుంచి డిచ్‌పల్లి దాకా

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో మెదక్ చర్చికి వెళ్లి రావాలన్నది మా హనుమకొండ సంఘం చాలాకాలంగా అనుకుంటున్నదే. డిచ్‌పల్లి మాత్రం పాస్టరమ్మగారు చివరి నిమిషంలో చేర్చిన మజిలీ. "గుడి ఒక్కటే చూసి వస్తే విహారమవుతుంది, ఎలాగూ అటు వెళ్తున్నాం కాబట్టి కుష్ఠు ఆసుపత్రి కూడా చూద్దాం" అన్నారు. నిజానికి అది దారిలోది కాదు. కామారెడ్డి దాటి చాలా దూరం పోవాలి. డ్రైవరు డీజిల్ లెక్క చెప్పి చాలాసేపు గొణిగాడు.

హుస్నాబాద్, సిద్దిపేట, రామాయంపేట మీదుగా మెదక్ చేరేసరికి ఎండ ముదిరింది. నూట డెబ్బై అడుగులు దాటిన గోపురం, అయిదువేల మంది పట్టే ప్రార్థనాలయం. క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం చిత్రించిన రంగుటద్దాల కిటికీలు పగటి వెలుతురులోనే కనువిందు చేస్తాయి. వెలుగు అద్దానిది కాదు, సూర్యుడిది అన్న పోలిక ప్రసంగాల్లో అరిగిపోయింది కాబట్టి దాని జోలికి పోను. నన్ను కట్టిపడేసింది ఆ గోడల వెనకున్న కథ.

1914లో పని మొదలైంది, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. ఆ పదేళ్లలో ప్రపంచయుద్ధం నడిచింది, కరువు వచ్చింది. తిండిలేక జనం అల్లాడుతుంటే వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ వాళ్లకు ఈ నిర్మాణంలో పని ఇచ్చి, బదులుగా తిండి పెట్టాడు. ఇది వినగానే మా యువజన సంఘం కుర్రాడొకడు అడ్డు తగిలాడు. "కృప అంటే ఉచితం కదా! ఆకలితో ఉన్నవాళ్లకు ఊరికే పెట్టకుండా రాళ్లు మోయించడమేమిటి?"

మంచి ప్రశ్నే. పాస్టరుగారు బైబిల్లోని ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయం తీయబోతుండగా వెనక నుంచి ఒక పెద్దమ్మ అందుకుంది. "అంటే కరువు పనే కదా నాయనా. నేనూ చేశాను. చెరువులో మట్టి ఎత్తి కూలి తీసుకుని ఇంటికి వస్తే ఎవరి ముందూ తల దించుకోనక్కరలేదు. ఊరికే పెట్టినవాడి గడప ముందు రోజూ ఎలా నిలబడతాం?" కుర్రాడు ఊరుకోలేదు. "మరి పని చేయలేని ముసలివాళ్ల సంగతి?" పెద్దమ్మ దగ్గర దానికి జవాబు లేదు. పాస్టరుగారు పత్రిక తెరిచి, రక్షణ కలిగేది మన క్రియల వల్ల కాదనీ, కానీ సత్క్రియల కోసమే దేవుడు మనల్ని సృష్టించాడనీ రెండు వచనాలూ చదివారు. నాకు మాత్రం పెద్దమ్మ మాటే మనసులో నిలిచింది. ఈ మధ్య మేం దుప్పటి పంచినా ఫ్లెక్సీ కడుతున్నాం, పుచ్చుకునే ముసలాయన ముఖం ఫొటోలో పడేదాకా దుప్పటి వదలడం లేదు. అందులో కనిపించేది దేవుడి కృపా, మా కోశాధికారి కొత్త చొక్కానా?

డిచ్‌పల్లి చేరేసరికి పొద్దు వాలింది. డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ 1915లో ఇక్కడ ఆసుపత్రి తెరిచారు. కుష్ఠు సోకితే కన్నవాళ్లే ఊరి బయటికి పంపేసిన కాలం అది. కెర్ దంపతులకు అండగా నిలిచి విరాళమిచ్చిన నిజామాబాద్ సంపన్నుడు నర్సాగౌడ్ హిందువు. సత్క్రియలు మా సొత్తేనన్నట్టు మాట్లాడేవాళ్లు ఈ ఒక్క పేరైనా గుర్తుంచుకుంటే బాగుండును.

ఇప్పుడు ఈ రోగానికి మందులున్నాయి, సర్కారు దవాఖానాల్లో ఉచితంగానే ఇస్తారు. రోగం నయమైనా పోయిన స్పర్శ చాలామందికి తిరిగి రాదు. వరండాలో ఒకాయన చిన్న పీట మీద కూర్చుని ఒక తాత పాదాన్ని తన మోకాలిపై పెట్టుకున్నాడు. నీళ్లలో నానబెట్టిన పాదం. గట్టిపడిన తోలును మెల్లగా గీకి, నూనె రాసి, బొటనవేలితో అరికాలంతా తడిమాడు. ముల్లు గుచ్చుకున్నా తాతకు తెలియదు కాబట్టి ఆయన వేళ్లే చూసి చెప్పాలి. మడమ దగ్గర చిన్న పగులు దొరికింది. "పొలం గట్టున నడిచావా తాతా?" అంటే తాత అబద్ధమాడి దొరికిపోయాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను చూసినంతసేపు అక్కడ ప్రార్థన గానీ బోధ గానీ జరగలేదు.

మేం తెచ్చిన పండ్ల బుట్టలు చూసి ఆయన మర్యాదగానే అన్నాడు: "పండ్లు ఇక్కడా దొరుకుతాయండి. మెత్తని రబ్బరు చెప్పులు కావాలి. ఒక్కో పాదం ఒక్కో తీరు, కొలత తీసి కుట్టించాలి."

ఫోన్లు జేబుల్లోకి పోయాయి. కుర్రాడు కాగితాల మీద తాతల పాదాలు పెట్టించి పెన్సిలుతో చుట్టూ గీతలు గీశాడు. బస్సెక్కాక కోశాధికారి ఖర్చు లెక్క వేసి, చెప్పుల మీద సంఘం పేరు ఎక్కడ వేయించాలని అడిగారు.

"అడుగున వేయించండి" అన్నారు పాస్టరమ్మగారు.

ఆయన అది నిజంగానే చిట్టాలో రాసుకున్నారు.