పిల్లి మనది కాదు, మిన్నల్లులు మాత్రం మనవే

ఈ రోజు ఉదయం కిటికీ పక్కనున్న పడక కుర్చీ మీది దిండును దులపబోయి ఆగిపోయాను. పిల్లి రోజూ ముడుచుకొని పడుకోవడం వల్ల దిండు నడుమ ఏర్పడిన పల్లంలో, ఎవరో పెన్సిలు చెక్కి పొడి రాల్చినట్లుగా, సన్నటి నల్లటి నలుసులు కనిపించాయి. మామూలుగా అయితే మట్టి అనుకొని దులిపేసేదాన్ని. కానీ మూడు రోజులుగా నా చీలమండల చుట్టూ ఎర్రటి దద్దుర్లు లేస్తున్నాయి, వాటిని నేను దోమల ఖాతాలో రాసి ఊరుకున్నాను. దోమ అయితే చెయ్యి, మెడ, చెవి అన్న భేదం చూడదు కదా, ఇవి మోకాలి కిందనే, అందులోనూ రెండు మూడు ఒకే వరుసలో ఎందుకున్నాయన్న ప్రశ్న ఆ నలుసులను చూసేదాకా నాకు తట్టనే లేదు.

తెల్ల కాగితం మీద కొన్ని నలుసులను రాల్చి, తడి దూదితో అద్ది చూశాను. మట్టి అయితే మట్టిగానే ఉండిపోవాలి. ఒక నిమిషం గడిచేసరికి ఒక్కొక్క నలుసు చుట్టూ తుప్పు రంగు వలయం మెల్లగా విచ్చుకొంది. అది పిల్లి రక్తమే. పిల్లి ఒంటిమీద ఎగిరిపడుతూ రక్తం పీల్చే చిన్న పురుగు మిన్నల్లి తాను పీల్చిన రక్తంలో చాలా భాగాన్ని అరిగించుకోకుండానే విసర్జిస్తుంది, అదే ఎండి ఇలా నల్లటి పొడిగా రాలుతుంది. పదకొండు వలయాలు లెక్కపెట్టిన తరువాత దోమలను తిట్టడం మానేశాను.

పేను తెలుసు, నల్లి తెలుసు, పశువుల ఒంటిని పట్టుకొని వేలాడే పిడుదు తెలుసు. రెక్కలు లేకుండానే ఎగిరిపడే ఈ పురుగుకు మాత్రం నా నోట సిద్ధంగా ఉన్న మాట లేదు. పశువైద్యులు ఫ్లీ అంటారు, పాత తెలుగు పుస్తకాల్లో మిన్నల్లి అన్న మాట కనిపిస్తుంది. నల్లికి చుట్టమన్నట్లు వినిపించినా రెండింటికీ పొంతన లేదు. నల్లి మంచాన్ని నమ్ముకొని బతుకుతుంది, ఇది ఒంటిని నమ్ముకొని బతుకుతుంది. ఆ తేడా ఎంత ముఖ్యమో సాయంత్రానికి గాని నాకు బోధపడలేదు, అందులోనూ సగం తప్పుగానే బోధపడింది.

పిల్లి సంగతి చెప్పాలి. బూడిద రంగు మీద నల్లటి చారలున్న ఈ పిల్లి రెండు నెలలుగా మధ్యాహ్నం పూట తెరిచి ఉన్న కిటికీలోంచి దూకి వచ్చి, కుర్చీలో రెండు మూడు గంటలు నిద్రపోయి, చీకటి పడకముందే వెళ్ళిపోతుంది. ఒళ్ళు నునుపుగా, బుగ్గలు నిండుగా ఉన్నాయి, కనుక ఎక్కడో దీనికి కడుపు నిండా తిండి దొరుకుతూనే ఉంది. నేను దీనికి పేరు పెట్టలేదు. పేరు పెడితే పిలవాలనిపిస్తుంది, పిలిస్తే నాదనిపిస్తుంది, ఎవరో పెంచుకుంటున్న ప్రాణి మీద అంత చనువు తీసుకోవడానికి నాకు మనసొప్పలేదు. అంత జాగ్రత్తగా ఉన్న నేను, ఈ ఉదయం దాదాపు ఒక ఘోరమే చేయబోయాను.

బీరువా అడుగున, ఒకప్పుడు మేము పెంచిన కుక్క కోసం కొన్న పురుగుల మందు గొట్టం ఒకటి మిగిలి ఉంది. మెడ వెనక నాలుగు చుక్కలు వేస్తే సరిపోతుంది, కుక్కకు పనిచేసింది పిల్లికి పనిచేయదా, పిల్లి చిన్నది కనుక రెండు చుక్కలు వేద్దాం అని లెక్క కూడా కట్టుకున్నాను. అట్టపెట్టె వెనకవైపు, చదవడానికి అద్దాలు పెట్టుకోవలసినంత చిన్నదిగా, పిల్లి బొమ్మ మీద అడ్డగీత కొట్టి ఉంది. అందులోని మందు పేరు పెర్మెత్రిన్. చామంతి జాతి పువ్వు ఒకదానిలో సహజంగా ఉండే పురుగుల మందును పోలినట్లుగా తయారుచేసిన రసాయనమిది. కుక్క కాలేయం దానిని విరిచి బయటికి పంపగలదు, పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ. అందుకే కుక్క మీద వేసే ఆ గాఢమైన మందు పిల్లి ఒంటిమీద పడితే వణుకు, మూర్ఛలు వచ్చి ప్రాణానికే ముప్పు రావచ్చు. తగ్గించి వేస్తే తప్పుతుందనుకోవడానికి కూడా లేదు. గొట్టాన్ని తిరిగి పెట్టెలో పెట్టేటప్పుడు నా వేళ్ళు కాస్త వణికాయి.

తరువాత పశువైద్యుడికి ఫోన్ చేశాను. పిల్లులకే తయారుచేసిన మందు తెచ్చి వేస్తాను, ఏది వేయాలో చెప్పండని అడిగాను. ఆయన ఓపికగానే విని, "చూడని పిల్లికి మోతాదు ఎలా చెప్పమంటారమ్మా? బరువెంతో తెలియదు, వయసెంతో తెలియదు, కడుపుతో ఉందో లేదో తెలియదు. అన్నిటికంటే ముఖ్యం, దాని వాళ్ళు ఇప్పటికే మందు వేశారేమో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ముందు వాళ్ళెవరో కనుక్కోండి, ఈలోగా దువ్వెనతో దువ్వండి, దువ్వడంలో ప్రమాదం లేదు" అన్నారు. వెల్లుల్లి పూస్తే పోతాయని, టీ ట్రీ నూనె రాస్తే పోతాయని, గుడ్డలో కలరా ఉండలు కట్టి పక్కన పెడితే పోతాయని నేను విన్నవన్నీ వరసగా అడిగాను. అన్నిటికీ ఆయన జవాబు ఒకటే: పిల్లి తన ఒళ్ళు తానే నాకి శుభ్రం చేసుకుంటుంది, కనుక దాని ఒంటికి తగిలినదంతా దాని కడుపులోకే పోతుంది, మీరు చెప్పిన మూడూ పిల్లికి విషమే. మిన్నల్లిని చంపుదామని పిల్లిని చంపుకోవడం ఇంత తేలికని నేను అనుకోలేదు.

మధ్యాహ్నం పిల్లి మామూలుగానే వచ్చింది. పళ్ళు చాలా దగ్గరగా ఉన్న దువ్వెనతో మెడ దగ్గర మొదలుపెట్టి తోక మొదలు దాకా దువ్వాను. మిన్నల్లి రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు, పైగా రెండు పక్కలనుంచీ నొక్కినట్లు పలచగా ఉంటుంది, అందుకే వెంట్రుకల మధ్యనుంచి గోధుమ రంగు గీతలాగా జారిపోతుంది తప్ప నిలిచి కనిపించదు. దువ్వెన పళ్ళ మధ్య చిక్కినదాన్ని వేలితో నలపబోతే గోరు కిందనుంచి మాయమైంది. రెండోదాన్ని దువ్వెనతో సహా సబ్బు నీళ్ళ గిన్నెలో ముంచాను. ఉత్త నీళ్ళలో అయితే అది పైన తేలి తప్పించుకోగలదు, సబ్బు కలిస్తే మునిగిపోతుంది. మొత్తం ఐదు దొరికాయి. పిల్లి మొదట నిమిషం పాటు నన్ను అనుమానంగా చూసి, గడ్డం కింద దువ్వేసరికి కళ్ళు మూసుకొని మెడ చాచింది.

ఆ సమయంలోనే మెడకు కాగితం పట్టీ కట్టాను. పిల్లి మెడలో గంట కట్టేదెవరని ఎలుకలు తర్జనభర్జన పడ్డాయంటారు గాని, నిద్రమత్తులో ఉన్న పిల్లి మెడకు పట్టీ కట్టడం నిజానికి అంత కష్టమేమీ కాదు. వేలెడు వెడల్పున్న పలచటి కాగితం, ఎక్కడైనా తగులుకుంటే చిరిగిపోవాలి గాని బిగుసుకోకూడదు. దాని లోపలివైపున, "ఈ పిల్లి మీదేనా అండీ? ఒంటిమీద పురుగులున్నాయి. మందేమైనా వేశారా?" అని రాశాను.

పిల్లి నాలుగింటికి వెళ్ళింది. రోజూ సాయంత్రం తిరిగిరానిది, ఈ రోజు దీపాలు వెలిగించే వేళకు మళ్ళీ కిటికీ ఎక్కింది. మెడలో వేరే పట్టీ ఉంది. గీతల నోటుపుస్తకంలోంచి చించిన కాగితం, నీలం సిరా, పిల్లల చేతిరాతలా గుండ్రంగా ఉన్న అక్షరాలు: "ఇది మా పిల్లేనండీ. పది రోజుల కిందట డాక్టరు గారి దగ్గర మెడ మీద మందు వేయించాము. అయినా రోజూ సాయంత్రానికి కొత్తవి తెస్తోంది. మధ్యాహ్నం ఎక్కడ పడుకుంటోందో తెలియక వెతుకుతున్నాము."

ఆ చివరి వాక్యాన్ని మూడుసార్లు చదివాను. పిల్లి మా ఇంటికి పురుగులను మోసుకొస్తోందని ఉదయం నుంచీ నేననుకుంటుంటే, మా ఇంటి నుంచే పురుగులను మోసుకెళుతోందని వాళ్ళనుకుంటున్నారు, వాళ్ళ మాటే నిజం. మిన్నల్లి ఒంటిని నమ్ముకొని బతుకుతుందన్న నా తేడా పెద్ద పురుగు వరకే చెల్లుతుంది. ఆడది రోజుకు 40 వరకు కూడా గుడ్లు పెట్టగలదు, ఆ గుడ్లు వెంట్రుకలను పట్టుకొని ఉండవు, పిల్లి ఎక్కడ ఎక్కువసేపు పడుకుంటే అక్కడ రాలిపోతాయి. వాటినుంచి వచ్చే పిల్ల పురుగులు వెలుతురుకు దూరంగా దిండు కుట్లలోకి, నేల పగుళ్ళలోకి పాకి, పొద్దున నేను కాగితం మీద చూసిన ఆ ఎండు రక్తాన్నే తిని పెరుగుతాయి. ఆ తరువాత చుట్టూ గూడు అల్లుకొని, వెచ్చదనమో, అడుగుల అదురో, ఊపిరి గాలో తగిలేదాకా వారాలు, ఒక్కొక్కసారి నెలల పాటు లోపలే ఎదురుచూస్తాయి. రెండు నెలలుగా నా దిండు వాటికి పురిటిగది. పాపం, వాళ్ళు వేయించిన మందు దాని పని అది చేస్తూనే ఉంది, నేను రోజూ కొత్త సరుకు అందిస్తున్నాను.

రాత్రి భోజనం వాయిదా వేసి గలేబును, కర్టెన్లను మరిగే నీళ్ళలో నానబెట్టాను. దిండును సంచిలో వేసి మూతి కట్టి బయట పెట్టాను, దాని మీద మమకారం లేదు. కుర్చీ సందులను, గోడ వారను, చాప అడుగును వాక్యూమ్‌తో రెండుసార్లు లాగాను. ఆ యంత్రం అదురుకు గూళ్ళలో ఉన్నవి మోసపోయి బయటికి వస్తాయి, వస్తే మందుకో యంత్రానికో చిక్కుతాయి, అందుకే ఒక్కరోజుతో ఆపకుండా కొన్ని వారాల పాటు చేయాలి. లోపలి సంచిని వెంటనే కట్టేసి చెత్తలో పడేశాను, లేకపోతే అవి అందులోంచే నడిచి వచ్చేస్తాయి. కుర్చీ మీద ఒక పాత తువ్వాలు పరిచాను, మూడు రోజులకొకసారి ఉడకబెట్టి ఆరవేయవచ్చు.

వాళ్ళకు రాయవలసిన జవాబు మాత్రం ఇంకా కుదరలేదు. మొదట క్షమాపణ రాయాలా, ఇంటి గుర్తు రాయాలా అని ఆలోచిస్తుండగా, ఇంకా వెళ్ళని పిల్లి తువ్వాలును అటూ ఇటూ వాసన చూసి, నచ్చనట్లు ముఖం పెట్టి, చివరకు దాని మీదే కూర్చొని వెనక కాలితో చెవి వెనక గోక్కుంది. కలం పక్కన పెట్టి దువ్వెన తీసుకున్నాను. గిన్నెలోకి ఇంకో రెండు వచ్చాయి.