జీర్ణాశయ క్యాన్సర్‌లో వైరస్ పాత్ర

మా మేనమామ బయాప్సీ రిపోర్టు చివర 'ఈబర్ పాజిటివ్' అని ఒక్క వాక్యం ఉంది. హైదరాబాద్‌లో మేము చూపించిన ఆసుపత్రిలో దాన్ని ఎవరూ వివరించలేదు, అది నాకు నేటికీ బాధగానే ఉంది. ఈబర్ అనే ఆ పరీక్షలో కణితి ముక్కపై రసాయనం వేసినప్పుడు క్యాన్సర్ కణాల కేంద్రకాలు ముదురు రంగులో కనబడితే, వాటిలో ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఉన్నట్లు లెక్క.

1964లో గుర్తించిన ఈ వైరస్ పెద్దవారిలో నూటికి తొంభై మందికి పైగా ఉంటుంది, అత్యధికులకు ఏ హానీ చేయదు. జీర్ణాశయ క్యాన్సర్‌కు ప్రధాన కారణం ఇప్పటికీ హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియాయే. అయినా 2014లో అమెరికా జన్యు పరిశోధకులు ఈ క్యాన్సర్‌ను నాలుగు రకాలుగా విభజించినప్పుడు, సుమారు 9 శాతం కణితులు ఈ వైరస్‌తో ముడిపడినవిగా తేలాయి.

ఇటువంటి కణితిలోని కణాలన్నిటిలోనూ ఒకే మూలం నుంచి వచ్చిన వైరస్ ఉంటుంది కనుక, కణితి ఏర్పడే తొలి దశలోనే అది కణంలో చేరిందని శాస్త్రజ్ఞులు భావిస్తారు. ఈ కణితుల్లో డీఎన్‌ఏపై మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు విపరీతంగా పేరుకుని, కణితిని అడ్డుకోవలసిన జన్యువులు మూగబోతాయి. రోగనిరోధక కణాలు దట్టంగా చేరే ఈ రకానికి ఇమ్యూనోథెరపీ (శరీర రోగనిరోధక శక్తితోనే క్యాన్సర్‌ను ఎదుర్కొనే చికిత్స) పనిచేసే అవకాశం ఎక్కువ కాబట్టి, ఆ ఒక్క వాక్యం గురించి డాక్టరును తప్పక అడగండి.