సంతకం ఒకచోట, లాబీయింగ్ ఇంకోచోట

మా కంపెనీ వాతావరణ నివేదిక తయారుచేసే పని ఈసారి నా మీద పడింది. కార్బన్‌కి ధర పెట్టాల్సిందేనని, అంటే వదిలే కార్బన్ డయాక్సైడ్‌కి కంపెనీలు డబ్బు కట్టాల్సిందేనని ప్రభుత్వాలను కోరే బహిరంగ లేఖ మీద మా సీఈఓ సంతకం ఉంది, చూసి కాస్త గర్వంగానే అనిపించింది. తీరా అదే ఫోల్డర్‌లో మా పరిశ్రమ సంఘం పంపిన వినతిపత్రం కూడా కనిపించింది, అందులో ఆ ధరను కొన్నేళ్లు వాయిదా వేయాలని అడిగారు, అడుగున సభ్యుల లోగోల వరుసలో మాదీ ఉంది!

అయినా ఇది కొత్తేం కాదులెండి. 1989లో పుట్టిన గ్లోబల్ క్లైమేట్ కొయలిషన్‌లో చమురు, బొగ్గు, కార్ల కంపెనీలు చేరి ఉద్గారాలు తగ్గించాలనే క్యోటో ఒప్పందాన్ని అడ్డుకోవడానికి ఏళ్ల తరబడి పోరాడాయి, 2002లో అది మూతపడింది. 2015లో పారిస్ వాతావరణ సదస్సుకి ముందు షెల్, బీపీ లాంటి ఆరు యూరప్ చమురు కంపెనీలు తామే ముందుకొచ్చి కార్బన్ ధర కావాలని ఐక్యరాజ్యసమితికి లేఖ రాశాయి. 2023 దుబాయ్ సదస్సుకైతే అధ్యక్షుడే ఒక చమురు కంపెనీ అధిపతి, సుల్తాన్ అల్ జాబర్. శిలాజ ఇంధనాల నుంచి మళ్లాలనే మాట ఒప్పందంలోకి మొదటిసారి ఎక్కింది కూడా ఆయన హయాంలోనే మరి.

అందుకే వ్యాపారులంతా దొంగలే అంటే ఒప్పుకోను. ఓజోన్ విషయంలో మొదట అడ్డం తిరిగిన రసాయనాల కంపెనీ డ్యూపాంటే 1988లో, ఆ పొరను దెబ్బతీసే సీఎఫ్‌సీ వాయువుల తయారీ ఆపేస్తామంది, ప్రత్యామ్నాయాల మార్కెట్ కళ్లముందు కనిపించింది కాబట్టి అనుకోండి.

సంఘం తరఫున ఏమేం అడిగామో కూడా నివేదికలో పెడదామని మేనేజర్‌కి మెయిల్ పెట్టాను. ఇంకా జవాబు లేదు.