వెస్ట్‌సైడ్‌ని వదిలేసి వేగస్ కథ చెప్పకండి

లాస్ వేగస్ షోల జ్ఞాపకాలంటే అందరూ స్ట్రిప్ (పెద్ద క్యాసినో హోటళ్ల వీధి) దీపాల దగ్గరే ఆగిపోతారు. రైలు పట్టాల అవతలి వెస్ట్‌సైడ్ గురించీ చెప్పాలి. హోటళ్లలో గదులు సర్ది, గిన్నెలు కడిగిన నల్లజాతివారి ఇళ్లు, చర్చిలు, జాక్సన్ స్ట్రీట్ క్లబ్బులు ఇక్కడే. స్ట్రిప్‌లో జనాన్ని ఉర్రూతలూగించిన నాట్ కింగ్ కోల్, సామీ డేవిస్ జూనియర్ లాంటి నల్లజాతి గాయకులకు కూడా అక్కడ చాలాకాలం గది ఇవ్వలేదు. షో అయ్యాక పట్టాలు దాటి రావాల్సిందే. ఎంత అన్యాయం!

1955 మేలో వెస్ట్‌సైడ్ అంచున మూలా రూజ్ తెరిచారు. అన్ని జాతులవారినీ రానిచ్చిన తొలి పెద్ద క్యాసినో హోటల్ అది. దాని కిటుకంతా వేళలోనే ఉంది. స్ట్రిప్‌లో ఆఖరి షోలు ముగిశాక, ఇక్కడ తెల్లవారుజామున 2:30కి మూడో షో. పని ముగించుకున్న డ్యాన్సర్లు, వాద్యకారులు, తారలు అప్పుడు వచ్చి చేరేవారు. హాలు నిండినా అప్పులు తీరలేదు, ఏడాది తిరక్కుండానే మూతపడింది.

1960లో, స్ట్రిప్ మీద ఊరేగింపు చేస్తామని నల్లజాతి నాయకులు హెచ్చరించాక, హోటళ్లలో జాతి వివక్ష ఎత్తేసే ఒప్పందం మార్చి 26న ఆ భవనంలోనే కుదిరింది. డిజైనర్ బెట్టీ విల్లిస్ గీసిన మూలా రూజ్ పేరుబోర్డు వేగస్‌లోని నియాన్ మ్యూజియంలో ఉంది. వేగస్ వెళ్లేవాళ్లు తప్పక చూడండి.