మామునూరులో దిగడానికి ఏ గ్రాఫిక్స్ కార్డు?

నేను సర్వేయర్‌ని. హన్మకొండలో చిన్న ఆఫీసు. లేఅవుట్లు, పొలాల హద్దులు, అన్నదమ్ముల భాగాల కొలతలు, ఇదీ పని. ఆఫీసులో ఉన్న కంప్యూటర్ ఆటోక్యాడ్ కోసం కొన్నది: ఐ5 12400 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు (తెర మీద బొమ్మ గీసేది). సాయంత్రం షట్టర్ సగం దించాక దాని మీదే మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్, అంటే విమానం నడిపే ఆట, ఆడతాను. 2020లో వచ్చిన వెర్షనే. కొత్తది 2024 నవంబర్‌లో వచ్చింది గానీ, దానికి మైక్రోసాఫ్ట్ సిఫారసు చేసిన కార్డు ఆర్‌టీఎక్స్ 2080. ఆ మాట చదివి పాతదాంతోనే ఉండిపోయాను.

పెద్ద విమానాల మీద నాకు మోజు లేదు. శంషాబాద్‌లో సెస్నా 172 అనే చిన్న విమానం ఎక్కి, భువనగిరి దగ్గర రైలు పట్టాలు పట్టుకుని ఆలేరు, జనగామ, ఘన్‌పూర్ మీదుగా కాజీపేట చేరతాను. ముప్పావు గంట పని. కాజీపేట జంక్షన్ దాటాక అసలు సరదా మొదలు. వరంగల్ మట్టికోట గుండ్రంగా గీసినట్టు కిందికి కనిపిస్తుంది. రోజూ ఆ కోట పక్క నుంచే బండి మీద పోతాను, నేల మీద ఉన్నప్పుడు అది వలయమని తెలియనే తెలియదు. తూర్పుకు తిరిగితే పాకాల చెరువు, ఈశాన్యంగా పోతే రామప్ప చెరువు, లక్నవరం. ఒక గుట్టకూ ఇంకో గుట్టకూ మధ్య ఉన్న సందు చూసి, అక్కడ మాత్రమే కట్ట వేసి అంత నీళ్లు ఎలా ఆపారో పైనుంచి చూస్తే ఒక్క చూపులో అర్థమవుతుంది. టోటల్ స్టేషన్ (మేం దూరాలు, ఎత్తులు కొలిచే యంత్రం) లేని కాలంలో లెవెల్స్ ఎలా తీశారో, అది మాత్రం అర్థం కాదు.

చివరికి దిగేది వరంగల్ పక్కన మామునూరులో. నిజాం కాలం నాటి ఎయిర్‌పోర్టు, 1981 తర్వాత ప్రయాణికుల విమానాలు లేవు. 2025లో కేంద్రం మళ్లీ అనుమతి ఇచ్చింది. ఇంకో 253 ఎకరాల సేకరణ అంటే మా లైన్‌లో ఉన్నవాళ్లందరికీ నక్కలపల్లి వైపు సర్వే నంబర్లు నోటికి వచ్చేశాయి. నిజం విమానం ఎప్పుడొస్తుందో గానీ నా సెస్నా మాత్రం ఆ పాత రన్‌వే గీత మీద దిగుతూనే ఉంది.

దిగేది గానీ ఆగి ఆగి దిగేది. సిటీ మీదికి రాగానే బొమ్మ అరసెకను బిగుసుకుపోయి, మళ్లీ కదిలేది. ల్యాండింగ్‌లో అరసెకను అంటే ముక్కు నేలకు కొట్టడమే.

కూకట్‌పల్లిలో ఉండే మా మేనల్లుడికి చెబితే, "మామా, ఆర్‌టీఎక్స్ 4060 తీస్కో, ఇంకేం ఆలోచించకు" అన్నాడు. వాడికి ఉన్నది అదే. ఎవరి దగ్గర ఏది ఉంటే అదే మంచి కార్డు, ఈ లోకంలో అంతే.

నాకేమో కొలవకుండా కొనడం అలవాటు లేదు. ఈ ఆటలో డెవలపర్ మోడ్ ఆన్ చేస్తే ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు, అంటే బొమ్మలు) చూపించే చిన్న పెట్టె వస్తుంది. ఆట ఎక్కడ ఇరుక్కుందో అందులోనే రాసి ఉంటుంది: మెయిన్ థ్రెడ్ అని ఉంటే ప్రాసెసర్, జీపీయూ అని ఉంటే కార్డు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు గేటు దగ్గర విమానం నిలిపి చూస్తే మెయిన్ థ్రెడ్ అంటోంది. చుట్టూ తిరిగే బండ్లు, మిగతా విమానాలు, కాక్‌పిట్‌లో మీటర్లు, విమానం లెక్కలు, వీటిలో ఎక్కువ భాగం ప్రాసెసర్‌లో ఒకే కోర్ నెత్తిన పడుతుంది. కార్డు గీసే బొమ్మ సైజు తగ్గించే రెండర్ స్కేలింగ్ 100 నుంచి 50కి దించి చూశాను, ఎఫ్‌పీఎస్ దాదాపు కదల్లేదు. అంటే అక్కడ లక్ష రూపాయల కార్డు పెట్టినా లాభం లేదు. అవతల ప్రిజం (కొలత గురి అద్దం) పట్టుకున్న మనిషి అడుగు తీసి అడుగు వేయకపోతే, టోటల్ స్టేషన్ ఎంత ఖరీదైనదైతే ఏం?

జనగామ దాటాక కథ మారింది. అక్కడ కార్డే అడ్డం. టాస్క్ మేనేజర్‌లో పర్ఫామెన్స్ కింద జీపీయూ పేజీ తెరిచి పెట్టాను. కార్డు సొంత మెమరీ 4 జీబీ అంచుల దాకా నిండింది, కింద షేర్డ్ మెమరీ అనే గీత పైకి పాకుతోంది. కార్డులో పట్టని టెక్స్చర్లు (నేల మీద, ఇళ్ల మీద అతికించే బొమ్మలు) కంప్యూటర్ ర్యామ్‌లోకి పోయి, అవసరమైనప్పుడల్లా అక్కడి నుంచి రావాలి. కార్డు మెమరీ ముందు ఆ దారి చాలా ఇరుకు. నా అరసెకను బిగుసుకోవడం అక్కడిది. నెట్ కూడా అనుమానించాను, ఎందుకంటే నేల బొమ్మలన్నీ బింగ్ మ్యాప్స్ నుంచి అప్పటికప్పుడు దిగుతాయి. కానీ ఒకసారి తిరిగిన దారినే మళ్లీ తిరిగినా, ఆ బొమ్మలు క్యాష్‌లో (ముందే దిగి కంప్యూటర్‌లో దాచినవి) ఉన్నా, బిగుసుకోవడం తగ్గలేదు. టెక్స్చర్ రిజల్యూషన్ మీడియంకు దించితే తగ్గింది. కానీ అప్పుడు చెరువు కట్టలు పేస్ట్ పూసినట్టు అయిపోయాయి. చెరువు కట్టలు చూడ్డానికేగా నేను ఎగిరేది.

కాబట్టి నాకు కావాల్సింది వేగం కన్నా ముందు మెమరీ. ఇది అందరికీ వర్తించదు. మబ్బుల్లో ఎగరడం ఇష్టమైనవాళ్లకు లెక్క వేరు, ఈ ఆటలో కార్డును పిండేది మబ్బులే. నేను మబ్బులు మీడియంలో పెట్టి, వాతావరణం క్లియర్ స్కై పెట్టుకుని, 1500 అడుగుల ఎత్తులో నేల చూస్తూ పోయే రకం.

30 వేల లోపు చూస్తే నా ముందు మిగిలినవి మూడు. మేనల్లుడి 4060: 8 జీబీ, 115 వాట్లు. 2021 నాటి ఆర్‌టీఎక్స్ 3060: 12 జీబీ, 170 వాట్లు. ఇంటెల్ ఆర్క్ బీ580: ఇదీ 12 జీబీయే, కాగితం మీద మంచి కార్డు. ఇంటెల్‌ను ముందే తీసేశాను. దాని డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) ప్రాసెసర్ మీద బరువు ఎక్కువ వేస్తుందని పరీక్షించినవాళ్లు చూపించారు. అసలే మెయిన్ థ్రెడ్ మొర పెట్టుకునే ఆటకు ఆ బరువు ఎందుకు?

4060ని అంత తేలిగ్గా తీసేయలేకపోయాను. దాంట్లో డీఎల్‌ఎస్‌ఎస్ 3 ఫ్రేమ్ జనరేషన్ ఉంది. రెండు అసలు ఫ్రేముల మధ్య కార్డే ఒకటి తయారు చేసి పెడుతుంది, అందులో ప్రాసెసర్‌కు పెద్దగా పని లేదు. శంషాబాద్ గేటు లాంటి చోట అది నిజంగా పనికొచ్చే సంగతి. మా వాడితో నా దారినే, నా సెట్టింగులతోనే ఎగరమని చెప్పి వీడియో తీయించాను. బొమ్మ వెన్నలా జారుతోంది, కాదనను. కానీ ఫ్రేమ్ జనరేషన్‌కు కూడా మెమరీ కావాలి. కోట మీదికి వచ్చేసరికి 7 జీబీ దాటేసింది. ఇంకో రెండేళ్లకు 2024 వెర్షన్‌కు మారితే? పైగా డీఎల్‌ఎస్‌ఎస్ (చిన్న బొమ్మ గీసి పెద్దది చేసే పద్ధతి) పెడితే గాజు కాక్‌పిట్‌లో, అంటే మీటర్ల బదులు తెరలు ఉన్నదాంట్లో, ఎత్తు, వేగం చూపించే అంకెలు కదిలేటప్పుడు తోకలు వస్తున్నాయి. అంకెలు సరిగా కనబడకపోతే నాకు నిద్ర పట్టదు, వృత్తి దోషం. అలా 3060 మిగిలింది.

"పాత కార్డు ఎందుకు తీస్కుంటున్నవ్ మామా" అని వాడు ఇప్పటికీ అంటాడు. అననీ.

కరెంటు లెక్క కూడా వేశాను. 55 వాట్ల తేడా, రోజుకు గంట ఆడితే ఏడాదికి 20 యూనిట్లు. అది భయపడాల్సిందేం కాదు. భయపడాల్సింది యూపీఎస్ గురించి, కార్డు కొనేవాళ్లు ఎవరూ దాని మాట ఎత్తరు. మన ఆఫీసుల్లో మామూలుగా ఉండేది 600 వీఏ యూపీఎస్, అది మోసేది 360 వాట్ల దాకానే. ప్రాసెసర్, మానిటర్, ఫ్యాన్లు, పైన 170 వాట్ల కార్డు కలిపితే అంచుకు వస్తుంది. మే నెలలో కరెంటు పోగానే అది కేకపెట్టి ఆగిపోతే, సెస్నాతో పాటు సేవ్ చేయని లేఅవుట్ కూడా పోతుంది. అందుకని 1000 వీఏది తీసుకున్నాను. కంప్యూటర్ లోపలి ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే పెట్టె) కూడా 450 నుంచి 550 వాట్లకు మారింది. 1650కి విడిగా పవర్ వైరు అక్కర్లేదు, 3060కి 8 పిన్నుల వైరు కావాలి, పాతదాంట్లో అది లేనే లేదు. ఇవన్నీ కలిపి బడ్జెట్ 30 వేలు దాటింది.

షాపులో ఒక చిన్న గలాటా. "3060 ఉంది సార్, ఫ్రెష్ పీస్" అని బాక్స్ తెచ్చి పెట్టాడు కుర్రాడు. ధర కాస్త తక్కువ. తిప్పి చూస్తే 8 జీబీ. ఈ పేరుతోనే 2022లో ఇంకో రకం వచ్చింది, మెమరీ 8 జీబీ, మెమరీకి దారి కూడా 192 బిట్ నుంచి 128 బిట్‌కు కోసేశారు. పేరు మాత్రం అదే. "రెండూ సేమే సార్" అన్నాడు. సేమ్ అయితే 12 జీబీదే ఇవ్వు తమ్మీ అన్నాను. రెండు రోజుల తర్వాత తెప్పించాడు. బిల్లు ఆఫీసు పేరు మీద వేయించాను, ఆటోక్యాడ్ నడిచేది కూడా దాని మీదే కదా.

ఇప్పుడు టెక్స్చర్లు అల్ట్రా, టెరైన్ డీటెయిల్ 200, మబ్బులు మీడియం. వీ-సింక్ (ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టే సెట్టింగు) పెట్టి సెకనుకు 30 ఫ్రేముల దగ్గర కట్టేశాను. తుపాకుల ఆటలకు 30 అంటే నవ్వుతారు గానీ, సెస్నాకు తడబడని 30 చాలు. అలా కట్టేయడం వల్ల కార్డు దాని పూర్తి వాట్ల దాకా పోదు, ఎండాకాలంలో గది కూడా అంత కాగదు. జనగామ నుంచి పాకాల దాకా బిగుసుకోవడం పోయింది. శంషాబాద్ గేటు దగ్గర మాత్రం ముందు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది, మెయిన్ థ్రెడ్ అనే చూపిస్తోంది. అందుకే ఇంజిన్ ఆన్ చేసి ఉన్న విమానంతో నేరుగా రన్‌వే మీది నుంచే మొదలుపెడుతున్నాను, ట్రాఫిక్ మొత్తం ఆఫ్.

తర్వాతి ఖర్చు ర్యామ్ 32 జీబీ చేయడమా, లేక ల్యాండింగ్‌కు మౌస్ వదిలేసి జాయ్‌స్టిక్ కొనడమా అన్నది తేలలేదు. మేనల్లుడు జాయ్‌స్టిక్ అంటున్నాడు. ఈసారి వాడి మాట వినేలా ఉన్నాను.